ఇచ్చిన మాటల బాకీ: ఒక రివ్యూ బ్లాగర్ కేసు

రాసేవాళ్లకి ఎడిటింగ్‌లోనూ, ఏది ఎప్పుడు రాయాలి అన్న ప్లానింగ్‌లోనూ సాయం చేయడం నా పని. ఈ కేసు కెమెరా రివ్యూలు రాసే ఒక బ్లాగర్‌ది, దీని గురించి రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు, కానీ గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చేశా, కొన్ని అసలు తీసేశా. పాఠకుల నమ్మకం తగ్గింది అనగానే చాలామంది "రెగ్యులర్‌గా రాయకపోతే అంతే మరి" అనేస్తారు, చాలా కేసుల్లో అది నిజమే కూడా, ఇక్కడ మాత్రం లేటుగా రాయడం అసలు సమస్యే కాదని తేలింది, అందుకే రాసి పెడుతున్నా.

నేపథ్యం

ఆవిడ కెమెరాలు, లెన్సులు వాడి చూసి రివ్యూలు రాస్తారు. ఉద్యోగం వేరే ఉంది, రాత్రిళ్లూ సెలవుల్లోనూ రాసుకుంటూనే కొన్నేళ్లలో మంచి పేరు తెచ్చుకున్నారు. కంపెనీ వాళ్ల స్పెసిఫికేషన్లు తెచ్చి అతికించే రకం కాదు, ఒకే ఇటుక గోడని ఒకే వెలుతురులో ఎఫ్ 2.8 నుంచి ఎఫ్ 11 దాకా (లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పే అంకెలివి) వరసగా తీసి పక్కపక్కన పెడతారు, ఫోటో మూలల్లో స్పష్టత ఎక్కడ తగ్గుతోందో గీత గీసి మరీ చూపిస్తారు. పాఠకులు వచ్చేది దానికోసమే. ఆదాయం అంటే కొనే లింకుల మీద వచ్చే కమిషన్, దాంతోపాటు ఒక మెయిల్ లిస్టు ఉంది, అంతే.

ఏమని వచ్చారు

"ఓపెన్ రేట్ బానే ఉందండీ, జనం చూస్తున్నారు, కానీ ఒక్కళ్లూ రిప్లై ఇవ్వట్లేదు, లింకుల నుంచి కొనడం కూడా పడిపోయింది, డిజైన్ పాతబడిందంటారా?" అని అడిగారు. డిజైన్ మార్చడానికి ఒకళ్లతో మాట్లాడేసుకున్నారు కూడా.

ఓపెన్ రేట్ అంటే పంపిన మెయిల్‌ని నూటికి ఎంతమంది తెరిచారన్న లెక్క, ముందు దాని సంగతి తేల్చాల్సి వచ్చింది. 2021 సెప్టెంబర్‌లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 15తో పాటు ఆపిల్ తన మెయిల్ యాప్‌లో ప్రైవసీ ప్రొటెక్షన్ పెట్టింది. దాన్ని ఆన్ చేసుకున్నవాళ్లకి వచ్చే మెయిల్‌లోని బొమ్మల్ని, అందులో ఓపెన్‌ని లెక్కపెట్టే ఆ కనపడని పిక్సెల్‌ని కూడా, మనిషి తెరిచినా తెరవకపోయినా ఆపిల్ సర్వర్లే ముందుగా లోడ్ చేసేస్తాయి. అంటే మెయిల్ ముట్టుకోని మనిషి కూడా చదివినట్టే లెక్కలో పడతాడు. కాబట్టి ఓపెన్ రేట్ బాగుంది అన్న మాటని పక్కన పెట్టేసి రిప్లైలు, క్లిక్కులు, కామెంట్లు ఈ మూడే చూద్దాం అనుకున్నాం, ఆ మూడూ ఏడాది పైగా కిందకే పోతున్నాయి.

కామెంట్లు పాతవి నుంచి కొత్తవి దాకా వరసగా చదువుతూ వస్తే ఒక పాఠకుడు కనిపించాడు. ట్రైపాడ్‌ల మీద ఆవిడ రాసిన "పార్ట్ 1" కింద మొదట "సూపర్ మేడమ్, పార్ట్ 2 కోసం వెయిటింగ్" అన్నాడు. కొన్ని వారాలకి "పార్ట్ 2 ఎప్పుడండీ" అన్నాడు. ఇంకా కొన్నాళ్లకి "మేడమ్, బాల్ హెడ్ కొనాలి, పార్ట్ 2లో చెప్తా అన్నారు కదా, ఆగమంటారా" అన్నాడు (బాల్ హెడ్ అంటే ట్రైపాడ్ పైన కెమెరాని పట్టుకుని ఎటైనా తిప్పనిచ్చే భాగం). ఆఖరిది "సరే, వేరే చోట చూసి కొనేశా." ఆ తర్వాత అతను ఎక్కడా లేడు. ఆవిడ మాత్రం ఈమధ్య ఎవరూ ఎప్పుడు ఎప్పుడు అని అడగట్లేదు, కాస్త ప్రెజర్ తగ్గింది అనుకుంటున్నారు. అడిగేవాడికి ఇంకా ఆశ ఉన్నట్టు, అడగడం మానేశాడంటేనే మనం భయపడాలి. కంప్లైంట్లు తగ్గడాన్ని మంచి గుర్తుగా చదవడం నేను ఇంకా చాలామందిలో చూశా.

నా దగ్గరికి రాకముందు ఏం చేశారు

రెండు పనులు చేశారు. ఒకటి, పెద్ద క్షమాపణ పోస్టు. మనసులోంచి వచ్చిందే, చదివితే తెలుస్తుంది, కానీ చివర్లో "ఇకనుంచి ప్రతి మంగళవారం, శుక్రవారం పోస్టు గ్యారంటీ, పెండింగ్ ఉన్న సిరీస్‌లన్నీ రెండు నెలల్లో పూర్తి చేస్తా" అని ఉంది. అంటే పాత బాకీ తీర్చడానికి అంతకంటే పెద్ద కొత్త బాకీ చేశారు. మూడో వారానికే తప్పింది. మొదటిసారి తప్పినప్పుడు బిజీగా ఉన్నారేమోలే అనుకున్న పాఠకుడు క్షమాపణ చెప్పి మరీ తప్పితే ఇక అలా అనుకోడు.

ఇందులో ఆవిడ బద్ధకం ఏమీ లేదు. పనికి ఎంత టైం పడుతుందో తక్కువగా అంచనా వేసుకోవడం మనుషులందరికీ ఉన్నదే, డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే దీనికి ప్లానింగ్ ఫాలసీ అని పేరు పెట్టారు. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే ముగ్గురు థీసిస్ రాస్తున్న స్టూడెంట్లని ఎన్ని రోజుల్లో అవుతుంది అని అడిగితే సగటున 34 రోజులు అన్నారు, పట్టింది 55 పైచిలుకు. అన్నీ ఎదురుతిరిగితే ఎంత పడుతుంది అని కూడా అడిగారు, దానికి చెప్పింది 49 రోజుల లోపే, అది కూడా సరిపోలేదు. ఎందుకంటే మనం లెక్కేసేటప్పుడు రాబోయే పనిని మెట్టు మెట్టుగా ఊహించుకుంటాం, ఆ ఊహలో జ్వరాలూ ఉండవు, చుట్టాలూ రారు, కొరియర్ కూడా లేటవదు. కిందటిసారి నిజంగా ఎంత పట్టిందో గుర్తు చేసుకోం. అందుకని నేను ఆవిడని తర్వాతి రివ్యూ ఎప్పుడవుతుంది అని ఒక్కసారీ అడగలేదు, గత రివ్యూల ఫోటో ఫైళ్ల తేదీలు తెమ్మన్నా. మొదటి టెస్ట్ షాట్ తేదీకి, పోస్టు పెట్టిన తేదీకి మధ్య ఎంత ఉందో చూస్తే, వారం అనుకున్న పని దాదాపు ప్రతిసారీ నెల దగ్గర తేలింది. వారానికి రెండు పోస్టులు ఎక్కడ, ఇదెక్కడ!

రెండోది, ఫ్రీ గిఫ్ట్. ఫోటో ఎడిటింగ్ ప్రీసెట్లు, అంటే ఒక్క నొక్కుతో ఫోటో రంగులు మార్చే రెడీమేడ్ సెట్టింగులు, ఒక ప్యాక్‌గా చేసి లిస్టులో చేరినవాళ్లందరికీ ఇచ్చారు. ఆలోచన ఏంటంటే మాట తప్పినదానికి మించి ఏదైనా ఇస్తే సరిపోతుంది కదా అని. చేరినవాళ్లు చాలామందే చేరారు, ప్యాక్ తీసుకుని అంతే వేగంగా వెళ్లిపోయారు, పాతవాళ్లు ఉలకలేదు పలకలేదు. గ్నీజీ, ఎప్లీ అనే ఇద్దరు పరిశోధకులు 2014లో ఇదే విషయం మీద ప్రయోగాలు చేశారు, మాట తప్పితే జనం గట్టిగా పట్టించుకుంటారు, నిలబెట్టుకుంటే మెచ్చుకుంటారు, మాటకి మించి చేస్తే మాత్రం నిలబెట్టుకున్నదానికంటే పెద్దగా ఎక్కువేం మెచ్చుకోరు అని తేలింది. బాల్ హెడ్ గురించి ఆగినవాడికి ప్రీసెట్లు ఏం చేసుకోను?

మేం మొదలుపెట్టింది, అందులో నిలవనిది

మొదట షెడ్యూలే ప్రయత్నించాం, ఎందుకంటే అది తేలిక, పనిచేస్తే మిగతా తవ్వకం అక్కర్లేదు. నెలకి రెండు, ముందుగా రాసి పెట్టుకున్న కొన్ని పోస్టుల స్టాకుతో. స్టాకు ఉన్నన్నాళ్లు నడిచింది, ఆఫీసులో ఒక పెద్ద పని పడగానే స్టాకు అయిపోయింది, మళ్లీ మొదటికొచ్చింది. కానీ దీనివల్ల ఒక విషయం అర్థమైంది. ఆ నడిచిన రోజుల్లో, పోస్టులు టంచనుగా పడుతున్నప్పుడు కూడా, రిప్లైలు రాలేదు. లేటే రోగమైతే టైముకి రాసినప్పుడు కొంచెమైనా మార్పు కనపడాలి కదా. కనపడలేదు కాబట్టి వేరే ఏదో ఉంది.

అప్పుడు ఆవిడ రాసినవన్నీ వెతకడం మొదలుపెట్టాం. "త్వరలో", "తర్వాతి భాగంలో", "అప్‌డేట్ చేస్తా", "పార్ట్ 1", "మళ్లీ రాస్తా", "కామెంట్‌లో అడగండి, అందరికీ జవాబిస్తా" ఇలాంటి మాటలు ఒక్కొక్కటీ సెర్చ్‌లో కొట్టి, దొరికిన ప్రతిదీ ఒక షీట్‌లో ఎక్కించాం. ఎక్కడ చెప్పారు, ఎవరికి చెప్పారు, అది చదివినవాడు ఏం ఆశిస్తాడు, దాన్ని నమ్మి ఎవరైనా ఏదైనా చేశారా లేదా ఆగారా అని నాలుగు కాలమ్స్. ఆ ఆఖరి కాలమే ముఖ్యం. ఎవరూ ఆగని మాట తప్పితే పోయేది తక్కువ, బాల్ హెడ్ కొనకుండా ఆగినవాడి విషయంలో పోయేది ఎక్కువ.

షీట్ నిండుతున్నకొద్దీ ఆవిడ ముఖం మారిపోయింది, "ఇవన్నీ నేనే అన్నానా?" అన్నారు. అనుకుని ఇచ్చిన మాటలు కావు మరి, పోస్టు ముగించడానికి చేతికొచ్చిన వాక్యాలు. రాసేవాళ్లకి అది ముగింపు, చదివేవాళ్లకి మాత్రం మాట.

వెతుకుతుంటే ఇంకో రెండు దొరికాయి, అవి పోస్టుల్లో లేవు. మెయిల్ లిస్టులో చేరే బాక్స్ కింద "వారానికి ఒక్క మెయిల్ మాత్రమే" అని ఉంది, సేల్ సీజన్లో అయితే రోజుకొకటి పోయింది. రెండోది ఆవిడ గురించి చెప్పే పేజీలో ఉంది: "ఇక్కడ రివ్యూ చేసేవన్నీ నా సొంత డబ్బుతో కొన్నవే." అది రాసినప్పుడు నిజం. తర్వాత ఒక షాపు వాళ్లు రెండు లెన్సులు వాడి తిరిగిచ్చేయమని ఇచ్చారు, ఆ రెండు పోస్టుల అడుగున అరువుకి తెచ్చినవి అని ఆవిడ రాశారు కూడా, ఆ పేజీ మాత్రం అలాగే ఉండిపోయింది. మోసం చేద్దామని కాదు. అయినా ఆ పోస్టు అడుగుదాకా చదివిన పాఠకుడికి రెండు మాటలు ఎదురెదురుగా కనపడతాయి, అందులో ఒకటి అబద్ధం.

ఇక్కడే కేసు మలుపు తిరిగింది. 1995లో మేయర్, డేవిస్, షూర్మన్ అని ముగ్గురు పరిశోధకులు నమ్మకం ఎక్కడి నుంచి పుడుతుందో మూడుగా విడదీశారు: పని చేతనవడం, మన మేలు కోరడం, నిజాయితీ. పార్ట్ 2 రాకపోతే దెబ్బ తగిలేది మొదటిదానికి, పోనీలే టైం లేదు అనుకుంటారు. సేల్ మెయిళ్లు రెండోదాన్ని తింటాయి. "సొంత డబ్బు" మాట మూడోదాన్ని తినేస్తుంది, అది పోయాక ఇటుక గోడ ఫోటోలు ఎంత బాగున్నా ఎవరు నమ్ముతారు? కాబట్టి ముందు డబ్బు సంగతి, తర్వాత మెయిళ్లు, ఆ తర్వాతే పార్ట్ 2లు అని వరస పెట్టుకున్నాం. ఆవిడకి మొదట నచ్చలేదు, ఎక్కువమంది అడుగుతున్నది పార్ట్ 2ల గురించి కదా అని. ఎక్కువమంది అడిగేదే పెద్ద గాయం అవ్వాలని లేదు.

పని చేసింది

డబ్బు సంగతి లిస్టులో ఉన్న అందరికీ చెప్పాం, ఎందుకంటే ఆ మాట అందరికీ ఇచ్చింది. ఆవిడ మొదటి డ్రాఫ్టులో "పారదర్శకత నాకు ఎప్పుడూ ముఖ్యం" అని మొదలైంది, కొట్టేశాం. ఆఖరికి వెళ్లింది దాదాపు ఇంతే: "అన్నీ సొంతంగా కొన్నవే అని ఆ పేజీలో ఉంది, అది ఇప్పుడు నిజం కాదు. రెండు లెన్సులు షాపు నుంచి అరువుకి తెచ్చి రాశా, అవి ఇవి. ఇకమీదట అరువుదైతే మొదటి లైన్‌లోనే రాసి ఉంటుంది." ఆ రెండు పోస్టుల్లోనూ అడుగున ఉన్న లైన్‌ని పైకి తెచ్చాం. కొంతమంది లిస్టు నుంచి వెళ్లిపోయారు. ఒకతను గట్టిగానే తిట్టాడు, ఆ అరువు లెన్స్ రివ్యూ చదివే కొన్నానని. ఆవిడ సంజాయిషీ ఇవ్వకుండా, ఆ లెన్స్‌లో మీకు ఇబ్బంది ఏమొచ్చింది అని అడిగారు, అతను చెప్పింది రివ్యూలో లేదు, అతని అనుమతితో దాన్ని రివ్యూలో చేర్చారు. అతను ఇప్పటికీ చదువుతున్నాడు.

మెయిళ్ల విషయంలో సేల్ లిస్టు వేరు చేసేశాం, ఎవరికి కావాలో వాళ్లే చేరాలి. ఆదాయం పోతుందని ఆవిడ భయపడ్డారు, న్యాయమైన భయమే. నేను చూపించిన కారణం ఇది: 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ నియమాల ప్రకారం స్పామ్ కంప్లైంట్లు 0.3 శాతానికి చేరకూడదు, అంటే వెయ్యి మందిలో ముగ్గురు విసుగొచ్చి స్పామ్ బటన్ నొక్కితే గీత దగ్గరికి వచ్చేసినట్టే, ఆ తర్వాత మెయిల్ కావాలనుకునేవాళ్లకి కూడా ఇన్‌బాక్స్‌లో పడకపోవచ్చు. వారానికి ఒకటి అని చేరినవాడు ఒకే వారంలో నాలుగోది చూసి అన్‌సబ్‌స్క్రైబ్ లింకు వెతకడు, స్పామ్ నొక్కేస్తాడు. బాక్స్ కింద మాట ఇలా మారింది: "కొత్త రివ్యూ పూర్తయినప్పుడు ఒక మెయిల్. నెలకి ఒకటో రెండో, ఒక్కో నెల అసలు ఉండకపోవచ్చు."

ఇక పాత మాటలు. తీర్చగలిగినవి, తీర్చలేనివి, రూపం మార్చి తీర్చగలిగినవి అని పంచుకున్నాం. ఎక్కువ వాదన జరిగింది తీర్చలేనివాటి మీద. ఒక లెన్స్ రివ్యూలో "ఆరు నెలలు వాడాక ఆటోఫోకస్ గురించి మళ్లీ రాస్తా" అని ఉంది, ఆవిడ ఆ లెన్స్‌ని ఎప్పుడో అమ్మేశారు. "ఆ లైన్ తీసేస్తే పోలా, ఎవరు చూస్తారండీ?" అన్నారు. నేను వద్దన్నా. ఆ లైన్ గుర్తుంచుకున్నవాళ్లు కొద్దిమందే, కానీ మనం నమ్మకం తిరిగి తెచ్చుకోవాల్సింది సరిగ్గా ఆ కొద్దిమంది దగ్గరే. పైగా పోస్టు మెయిల్‌లోనూ, ఆర్ఎస్ఎస్ రీడర్లలోనూ (బ్లాగుల కొత్త పోస్టుల్ని తెచ్చి ఒకేచోట చూపించే యాప్‌లు) ఎప్పుడో వెళ్లిపోయి ఉంది, ఇక్కడ చెరిపితే అక్కడ చెరగదు. పాత లైన్ అలాగే ఉంచి, దాని కిందే తేదీ వేసి ఇలా రాశారు: "ఈ లెన్స్ నాలుగు నెలలకే అమ్మేశా, కాబట్టి ఆరు నెలల రివ్యూ రాదు. ఆ నాలుగు నెలల్లో చూసింది: తక్కువ వెలుతురులో ఫోకస్ వెతుక్కుంటుంది, ఎండలో ఏ ఇబ్బందీ లేదు, ఫోకస్ రింగ్ కాస్త వదులైంది." మూడు ముక్కల సమాచారం, రాయడానికి పావుగంట. చాన్నాళ్ల తర్వాత మొదటి రిప్లై దాని కిందే వచ్చింది: "నాదీ రింగ్ వదులైందండీ, నేను వాడే తీరు వల్లేమో అనుకున్నా."

ఇలాంటివన్నీ కలిపి ఇంకో పెద్ద క్షమాపణ పోస్టు పెడదామా అని ఆవిడ అడిగారు. లిస్టులో చాలామందికి ఆ మాటలు ఇచ్చినట్టే తెలీదు, వాళ్లందరికీ చెప్పుకుంటే క్షమాపణ మన మనసు తేలికపడటానికి చేసుకున్నట్టు అవుతుంది. కాబట్టి మాట ఎక్కడ ఇచ్చారో అక్కడే ముగించడం, పేరు పెట్టి అడిగినవాళ్లకి విడిగా ఒక మెయిల్ రాయడం, అంతే. బాల్ హెడ్ అతనికి కూడా రాశారు. అతను జవాబివ్వలేదు.

కొత్తగా మాట ఇచ్చే విషయంలో ఒకే కట్టుబాటు పెట్టుకున్నాం, డ్రాఫ్ట్ చేతిలో లేని దేని గురించీ రాతలో చెప్పకూడదు. అన్ని భాగాల డ్రాఫ్టులూ అయ్యేదాకా "పార్ట్ 1" బయటికి రాదు. టైటిళ్లు కూడా ఇందులోకే వస్తాయి, ఇది చాలామందికి తట్టదు. "ఈ రెండిట్లో ఏది కొనాలి?" అని పెట్టి చివర్లో "మీ అవసరాన్ని బట్టి" అని వదిలేస్తే అది కూడా మాట తప్పడమే, చదివినవాడు తీర్పు కోసం వచ్చాడు. ఆవిడ పాత టైటిళ్లలో అలాంటివి కొన్నిటికి తీర్పు రాశారు, తీర్పు చెప్పలేనివాటికి టైటిల్ మార్చారు.

బహిరంగంగా ఇచ్చిన కొత్త మాట ఒక్కటే: తప్పు దొరికితే అదే పేజీలో పైన, తేదీతో దిద్దడం. దీన్నే ఎందుకు ఎంచుకున్నాం అంటే ఇది క్యాలెండర్ మీద ఆధారపడదు, పది నిమిషాల పని, ఎంత బిజీలో ఉన్నా తీర్చగలిగింది. పరీక్ష తొందరగానే వచ్చింది. ఒక లెన్స్ ఫిల్టర్ సైజు 67 మిల్లీమీటర్లు అని రాశారు, అది 72, ఒకావిడ అది చూసి 67 ఫిల్టర్ కొనేసుకుంది, అది పట్టలేదు. మెయిల్ వచ్చిన రోజే పేజీ పైన దిద్దుబాటు పడింది, ఎవరి వల్ల తెలిసిందో కూడా రాశారు, ఫిల్టర్ వాపసు ఇవ్వడానికి వీలు కాకపోతే తనే డబ్బు పంపుతానన్నారు. వాపసు అయిపోయింది, డబ్బు అక్కర్లేదన్నారు. ఆ పోస్టు కింద కామెంట్లలో ఆ తర్వాత జనం ఒకరికొకరు సైజులు సరిచూసి చెప్పుకోవడం మొదలైంది.

ఫలితం, ఇంకా తేలనివి

ట్రాఫిక్ పెరగలేదు. లిస్టు ఇదివరకటి కంటే చిన్నది. రిప్లైలు తిరిగొచ్చాయి, కొనేముందు "అక్కా, ఇది తీసుకోవచ్చా" అని అడిగేవాళ్లు వచ్చారు, లింకుల మీద ఆదాయం నెమ్మదిగా పాత స్థాయికి దగ్గరైంది. దాంట్లో మా పని ఎంత, అదే సమయంలో మార్కెట్లోకి కొత్త కెమెరా ఒకటి వచ్చి అందరూ కొనే ఊపులో ఉండటం ఎంత అన్నది నేను విడదీసి చెప్పలేను. రిప్లైల విషయంలో మాత్రం నాకు అనుమానం లేదు, అవి సరిగ్గా ముగింపు నోట్లు పెట్టిన పోస్టుల కిందే మొదలయ్యాయి.

ఈ పద్ధతి అందరికీ కాదు. రోజువారీ వార్తలు రాసేవాళ్లు తేదీ మాట ఇవ్వకుండా ఉండలేరు, వాళ్లకి షెడ్యూలే ప్రాణం. ఇది ఎప్పుడు పూర్తవుతుందో రాసేవాళ్ల చేతిలో పూర్తిగా లేని రచనలకి పనికొస్తుంది, రివ్యూలు, పరిశోధన వ్యాసాలు, ప్రయోగాలు అలాంటివాటికి. ఇప్పుడు ఎవరు నమ్మకం తగ్గింది అని వచ్చినా మొదటి మీటింగ్‌కే ఆ నాలుగు కాలమ్స్ షీట్ నింపి తెమ్మంటున్నా, సగం మంది నింపుతూ నింపుతూ కారణం వాళ్లే కనుక్కుంటున్నారు.

ఆవిడకీ నాకూ ఒకదాని మీద ఇంకా కుదరలేదు. నెలనెలా డబ్బు కట్టే సభ్యత్వం పెడదామని ఆవిడకుంది, పాఠకులే అడుగుతున్నారట. నెలకింత అని తీసుకుంటే ఏ మాటా రాయకపోయినా నెలకి ఏదో ఒకటి ఇస్తామన్న మాట ఇచ్చినట్టే, ఆ ఫోటో ఫైళ్ల తేదీలు చూస్తే అది నిలిచేలా లేదు, రివ్యూ బయటికొచ్చినప్పుడే డబ్బు తీసుకునే ఏర్పాటు చూసుకోండి అన్నా. ఆవిడ సరే అనలేదు, కాదనలేదు, ఈలోపు ఎక్కడా దాని గురించి ఒక్క ముక్క రాయలేదు.